కాలరు లోపలి వెంట్రుక

ఆసుపత్రి స్టోరులో కౌంటరు వెనక పొడుగాటి కిటికీ ఒకటుంది. స్టోరు కీపరు ప్రతి కోటునూ ముందు బల్లమీద పరిచి, చేతులు, జేబులు, గుండీలు తడిమి చూసి, ఆఖర్న కాలరు రెండు కొసలూ పట్టుకుని ఆ కిటికీ వెలుగుకి ఎత్తుతాడు. ఒక క్షణం చూసి కుడివైపు దొంతిలో వేస్తాడు. ఆ సోమవారం పదమూడో కోటు దగ్గర ఆయన చేతులు పైనే ఆగిపోయాయి.

కౌంటరుకి ఇవతల దర్జీ నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. మిషను మీద వంగి వంగి భుజాలు ముందుకి వాలిపోయాయి. ఊరికే నిలబడినా ఏదో కుడుతున్నట్టే ఉంటాడు. మాట తక్కువ. ఎవరేమడిగినా చాలావరకు తల ఊపి సరిపెట్టేస్తాడు. ఆయన వెనక బెంచీమీద మరో ఇద్దరు దర్జీలు మూటలు ఒళ్ళో పెట్టుకుని వంతుకోసం కూర్చున్నారు. ఒకతను బజారులో కొత్తగా కొట్టు పెట్టిన కుర్రవాడు. రెండో ఆయన మీసాలు మెలితిప్పి, ఎప్పుడూ ఖాకీ ప్యాంటే తొడుక్కుంటాడు కాబట్టి మిలటరీ మాస్టారంటారు. తుపాకి ముఖం ఎరగడు. సైనికులకి నాలుగేళ్ళు దుస్తులు కుట్టాడు, అంతే.

“ఇదేమిటయ్యా?” అన్నాడు స్టోరు కీపరు.

తెల్లటి గుడ్డ లోపల, వేలెడు పొడవున సన్నటి గీత. పెన్సిలుతో గీసినట్టు ఒక కొస నల్లగా ఉంది, రెండో కొస తెలుపులో కలిసిపోయింది. మాస్టారు వంగి గోటితో గీకాడు. పైన ఉంటే గదా రావడానికి. కాలరు బిగువుగా నిలబడాలంటే గుడ్డ వెనక బక్రమనే బిరుసు గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె తోమాలి. ఆ వేడికి బక్రం మీది జిగురు కరిగి గుడ్డని పట్టేస్తుంది. ఆ రెండింటి మధ్య ఏది పడితే అది ఇక అక్కడే. ఊడబెరకబోతే గుడ్డ మీద జిగురు మచ్చ మిగులుతుంది.

స్టోరు కీపరు కుడివైపు వేసినవి కూడా మళ్ళీ తీసి ఒక్కొక్కటే వెలుగుకి ఎత్తాడు. ముప్ఫై కోట్లలో పదకొండింటికి గీత ఉంది. ఎడంవైపు వేరే దొంతి లేచింది. బెంచీ మీదివాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

“వెంట్రుక. ఎవరిది?”

ఎవరిదో మాస్టారుకి తెలుసు. మొదలు తెల్లగా, కొస నల్లగా ఉండే వెంట్రుక మనిషి తలకి మొలవదు. ఆయన ఇంట్లో, మిషను కింద, ఆయన పాదాల పక్కనే అలాంటి వెంట్రుకలతో నిండిన ఒళ్ళొకటి రోజంతా పడుకుని ఉంటుంది. కానీ కుట్టేచోట కుక్క ఉందని తెలిస్తే ఆసుపత్రివాళ్ళు గుమ్మం తొక్కనివ్వరు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ ఇంటి మిషను తిరిగేది ఈ తెల్లకోట్ల మీదే.

ఆయన నోరు ఆయన్ని అడగకుండానే కదిలింది.

“మా కాజాలావిడదై ఉంటుందండి. జడ వదులుగా వేసుకుంటుంది.”

స్టోరు కీపరు మూతి విరిచి, అలాంటి మనిషిని తెల్లగుడ్డ దగ్గర ఎందుకు కూర్చోబెట్టావని చీవాట్లు పెట్టాడు. కుర్రదర్జీ నవ్వాడు. మిలటరీ మాస్టారు మీసం సవరించుకుంటూ, ఆడవాళ్ళని కాజాలకి పెట్టుకుంటే పీటతోపాటు దువ్వెన కూడా మనమే కొనివ్వాలన్నాడు. మాస్టారు తల ఊపాడు. పదకొండు కోట్లూ మూటగట్టుకుని బయటపడ్డాడు. మెట్లు దిగేటప్పుడు ఆ మూట, పొద్దున ముప్ఫై కోట్లతో మోసుకొచ్చిన మూటకన్నా బరువనిపించింది.

*

ఇంటి ముందుగదే కొట్టు. గోడవార కోత బల్ల, దానికి ఎదురుగా మిషను, గుమ్మం పక్కన వెలుతురు పడే చోట చిన్న పీట. ఆ పీటమీద కాజాలావిడ కూర్చుని ఉంది. గుండీ దూరే చీలికకి చుట్టూ దారంతో అంచు కట్టడం ఆవిడ పని. మిషను కాజా నాలుగు ఉతుకులకి పోగులు లేస్తుంది. ఆవిడ కట్టింది కోటు చిరిగిపోయాక కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. కుట్టు కుట్టుకీ చిటికెనవేలితో దారాన్ని పక్కకి తోసి, ముడి కొసని సరిగ్గా అంచుమీద కూర్చోబెడుతుంది. జడ వదులుగా లేదు. జడే కనిపించదు. ముడి వేసి, దానిమీద నుదుటిదాకా గుడ్డ చుట్టుకుని, చెవుల వెనక దోపుకుని ఉంటుంది. పనిలో దిగేముందు రోజూ అంతే.

మిషను కింద కుక్క ఒక కన్ను తెరిచి మాస్టార్ని చూసి మళ్ళీ మూసుకుంది. దాని పేరు గుమాస్తా. పనేమీ చెయ్యకుండా పొద్దుటినుంచి సాయంత్రందాకా కొట్టులో కూర్చుని, వచ్చినవాళ్ళనందరినీ కిందనుంచి పైదాకా ఎగాదిగా చూస్తుందని మాస్టారి భార్య పెట్టిన పేరు. వీపంతా నలుపు, పొట్ట బూడిదరంగు, మెడచుట్టూ దట్టమైన బొచ్చు.

మాస్టారు మూట బల్లకింద పెట్టాడు. నీళ్ళు తాగాడు. టేపు మెడలో వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు. అప్పటికి మాట కూడగట్టుకుని, రెండుమూడు రోజులు రావద్దమ్మా, పని కాస్త తగ్గింది, కబురు పెడతానన్నాడు.

ఆవిడ బల్లమీద కోసి పెట్టిన కోట్ల దొంతి వైపు చూసింది. నడుమెత్తు ఉంది. తర్వాత బల్లకింది మూట వైపు చూసింది. చేతిలో సగమైన కాజా పూర్తిచేసింది. ఆఖరి కుట్టు లోపలికి దాచి, దారం కత్తిరించి, సూదిని దిండుకి గుచ్చింది.

“నా పనిలో ఏమన్నా తేడా వచ్చిందా మాస్టారూ?”

“అబ్బే, అదేం లేదమ్మా.”

ఆవిడ ఇంకాసేపు నిలబడింది, ఆయన ఇంకేమన్నా అంటాడేమోనని. ఆయన సుద్దముక్క తీసి, ఎప్పుడో గీసిన గీతమీదే మళ్ళీ గీస్తున్నాడు. ఆవిడ తలగుడ్డ విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

లోపలినుంచి భార్య వచ్చింది. జరిగింది ముక్కలు ముక్కలుగా ఆయన నోటినుంచి రాబట్టింది. విన్నాక ఆవిడకి ఒళ్ళు మండింది.

“తలకి గుడ్డ చుట్టుకోకుండా ఆవిడ సూది ముట్టడం మీరు ఒక్కరోజైనా చూశారా?”

ఆవిడ చూపు మిషను కిందికి పోయింది. గుమాస్తా తోక రెండుసార్లు నేలకి కొట్టింది. దాన్ని బయట కట్టేద్దామని ఆయన అనలేదు. కట్టెయ్యమని ఆవిడా అనలేదు. ఇద్దరికీ ఆ మాట తెలుసు. అందుకే చెరోవైపూ తిరిగి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.

*

మంగళవారం పొద్దున మాస్టారు తలుపులు తీసి బల్లమీద తెల్లగుడ్డ పరిచాడు. పరిచి, కత్తెర తీయడానికి పక్కకి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి దానిమీద రెండు వెంట్రుకలున్నాయి. తీసేశాడు. చెయ్యి ఎత్తగానే మరొకటి వచ్చి వాలింది.

కుక్కలు బొచ్చు మార్చుకునే రోజులవి. పైనుండే ముతక వెంట్రుకలు ఒక్కొక్కటే రాలుతుంటే, వాటి కింద దూదిలాంటి నూగు ఉండలు ఉండలుగా ఊడివస్తోంది. గుమాస్తా లేచి ఒళ్ళు దులుపుకుంటే ఎండపొడలో అది పొగలా లేచింది.

భార్య చీపురు పట్టుకొచ్చి ఊడ్చింది. ఊడ్చిన కొద్దీ నేలమీది నూగు గాల్లోకి లేచి, ఆవిడ వంటింట్లోకి పోగానే తీరుబడిగా దిగి గుడ్డమీద కూర్చుంది. ఫ్యాను వేస్తే గదంతా తిరిగింది. ఆపితే చెమట చుక్క కాలరు మీద పడింది. తడిగుడ్డ పెట్టి నేల తుడిస్తే, ఆరేలోపు గుమాస్తా అటునుంచి ఇటు ఒకసారి నడిచింది. తలుపు దగ్గర కట్టేస్తే పెట్టిన కూత పెట్టకుండా ఏడ్చింది. ఒక కోటు అంచు కుట్టేంతవరకు భరించి, మాస్టారే లేచి విప్పేశాడు.

ఆ సాయంత్రానికి వెంట్రుక చేరని చోటు లేదు. బాబిన్ గూటిలో దారంతో కలిసి చుట్టుకుని మిషను రెండుసార్లు పట్టేసింది. సూదిదిండు బొచ్చు మొలిచినట్టుంది. కాజాలు తనే కట్టబోయిన భార్య, మూడో కుట్టుకే దారంతోపాటు ఒక నల్లటి పోగు లోపలికి పోవడం చూసి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పింది. అంటుకునే టేపు తెచ్చి అరచేతికి తిరగేసి చుట్టుకుని గుడ్డమీద అద్దింది. టేపు నిండింది, గుడ్డ మిగిలింది.

“ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాక్కుందండీ? నిన్నా మొన్నా కుక్క ఇదేగా?”

మాస్టారు కూడా అదే ఆలోచిస్తున్నాడు. కిందటి వారమూ బొచ్చు ఊడే కాలమే. కిందటి ఏడాదీ ఇదే కుక్క. ఆయన తెల్లగుడ్డ పరిచాడు, కోశాడు, కుట్టాడు. ఒక్క వెంట్రుక తీసి పారేసిన గుర్తు లేదు.

*

బుధవారం పొద్దున ఎదురుబండి దగ్గర ఇస్త్రీ చేసే అతను బొగ్గులు విసురుతూ, మీ కాజాలమ్మ రెండ్రోజులుగా కనపడదేం, ఒంట్లో బాగాలేదా అనడిగాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో అతనికి తెలియలేదు.

“పాపం, మీ గుమాస్తా అయిపోయాడు మాస్టారూ. తల దువ్వే దిక్కు లేదు.”

ఇస్త్రీ అతనికి అది పెద్ద సంగతేం కాదు. వేడి చూసుకోవడానికి పెట్టె చెంప దగ్గర పట్టుకుని, అడిగినదానికల్లా చెప్పాడు. మీరు తలుపు తీసేది ఎనిమిదికి కదా, ఆవిడ ఏడున్నరకల్లా పక్కసందు మెట్టుమీద ఉండేది. మీ ఇంటివెనక తడిక తోసుకుని గుమాస్తా తనే వచ్చేవాడు. రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వేది. ఊడిన బొచ్చంతా ఉండచుట్టి సంచిలో వేసుకునేది. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, నీళ్ళలో ముంచి విదిలించి, తడిచేత్తో తలనుంచి తోకదాకా నిమిరేది. వాడికి ఎంత సుఖమో, నిలబడే నిద్రపోయేవాడు. మీరు తలుపు తీశాక, మీరు లోపల టీ తాగే ఆ కాసేపట్లో, అదే తడితొడుగుతో బల్లకాళ్ళూ మూలలూ రాసి వచ్చేది. చీపురు ముట్టేది కాదు.

“మీకు తెలీదా ఏంటి?” అన్నాడు చివర్న.

మాస్టారు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వెనక్కి వచ్చిన కోటు ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని, బ్లేడుతో కాలరు కుట్టు విప్పాడు. గుడ్డనీ బక్రాన్నీ మెల్లగా వేరుచేశాడు. జిగురు సాగింది. మధ్యలో ఉన్న వెంట్రుక వేలిమీదికి తీసుకుని గుమ్మం వెలుగులో చూశాడు. మొదలు తెలుపు, కొస నలుపు. మిగతా పదీ తిరగేశాడు. చేతుల మీద లేదు, జేబుల్లో లేదు, అంచు మడతల్లో లేదు, ఒక్క కాజాలోనూ లేదు. అన్నిటికీ కాలరు లోపలే ఉంది.

ఆయన నెమ్మదిగా కిందికి వంగి మిషను కింద చూశాడు. అక్కడ ఆయన కాళ్ళ పక్కన చెక్కపెట్టె ఉంటుంది. బక్రం కోయగా మిగిలిన ముక్కలన్నీ అందులో పడేస్తాడు. ముక్క పారెయ్యడానికి ఆయనకి చేతులు రావు. కాలరుకి సరిపోయే ముక్క పెట్టెలో దొరికితే కొత్త చుట్టనుంచి కోయడు. వెతికి, చూసుకోకుండానే వేళ్ళతో కొలుచుకుని, అదే అంటిస్తాడు. ఆ పెట్టె ఎవరినీ ముట్టుకోనివ్వడు, సర్దితే తన లెక్క తప్పుతుందని. ఇప్పుడు అందులో, ఆయన బయటికి వెళ్ళిన సందు చూసుకుని ఎక్కి, బక్రం ముక్కల మధ్య గుండ్రంగా గుంట చేసుకుని, ముక్కు తోకలో దూర్చి, గుమాస్తా పడుకుని ఉంది. ఎన్నాళ్ళ గుంటో, అంచులు నున్నగా అరిగి ఉన్నాయి.

మాస్టారు చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. భార్య చూసి, నడుం పట్టేసిందా అనడిగింది.

*

కాజాలావిడ ఇల్లు నీళ్ళట్యాంకు వెనక సందులో మూడో గుమ్మం. ఆ సాయంత్రం మాస్టారు వెళ్ళేసరికి అరుగుమీద ఆవిడ అత్తగారు చేటలో గింజలు ఏరుతోంది. ముసలావిడ చెయ్యి ఆపకుండానే తలెత్తి చూసింది.

“ఎవరొచ్చారో చూడవే కోడలా, వెంట్రుకల మాస్టారు. బల్ల తుడిచి కూర్చోబెట్టు, మనవేమన్నా అంటుకుంటాయేమో.”

మాస్టారు చెప్పులు విడిచిన చోటే ఆగిపోయాడు. కోడలు లోపలినుంచి వచ్చి, అత్తగార్ని ఊరుకోమని సైగ చేసి, బల్ల వాల్చింది. ఆయన కూర్చోలేదు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ వరసలో రాలేదు. ఆ వెంట్రుక కుక్కదమ్మా, పెట్టెలోది, నాకు అప్పుడే తెలుసు, అన్నాడు. రేపటినుంచి పనిలోకి రమ్మన్నాడు.

ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నది. కోపం పైకి కనపడలేదు. మంగళవారం బజారులో మూడు కొట్లు ఎక్కి దిగానని చెప్పింది. మొదటిచోట ఇంకా నోరు విప్పకముందే ఆ కుర్రదర్జీ, జడ వదులుగా వేసుకునేది నువ్వేనా అన్నాడట. మిలటరీ మాస్టారు మర్యాదగానే, మా దగ్గర ఖాళీ లేదమ్మా అన్నాడట, ఆవిడ తలవైపు చూస్తూ. మూడోచోట ఏమీ అనలేదు. కుర్చీమీది గుడ్డ తీసి అవతల పెట్టారు, అంతే.

“కుక్కని దువ్వుతున్నావని నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు మాస్టారు.

“చెప్తే మీరు దాన్ని బయట కట్టేస్తారు. నోరులేనిది.” ఆవిడ చీరకొంగు అంచు వేళ్ళతో సరిచేసుకుంది. “మీకోసం చేసింది కాదు మాస్టారూ. నా కాజాలో పోగు పడకూడదని చేశాను. ఆ పెట్టె ఒక్కటీ మీరు ముట్టుకోనివ్వలేదు.”

“తప్పు నాదే.”

“నా ఇంటికొచ్చి నాకు చెప్తే ఏం లాభం? నా జడ సంగతి నాకు తెలియదా? ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. విన్నవాళ్ళు వినాలి.”

ముసలావిడ చేట ఒకసారి ఎగరేసి పట్టింది. గింజలు గలగలమన్నాయి. అక్కడ చెప్తే ఏమవుతుందో మాస్టారుకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన తల ఊపాడు. ఊపి, అది చాలదనుకున్నాడో ఏమో, “చెప్తానమ్మా” అని పైకి అన్నాడు.

*

గురువారం ఆసుపత్రివాళ్ళు కొత్తగుడ్డ ఇచ్చే రోజు. మాస్టారు వెళ్ళేసరికి బెంచీమీద కుర్రదర్జీ ఒక్కడే ఉన్నాడు. స్టోరు కీపరు రమ్మని చెయ్యి ఊపితే, ముందు మిగతావాళ్ళని కానివ్వండన్నాడు. కుర్రదర్జీ వంతు అయిపోయి లేస్తుంటే, ఒక్క నిమిషం ఉండు తమ్ముడూ అని ఆపాడు. ఎందుకో చెప్పలేదు. చివరికి మిలటరీ మాస్టారు భుజాన మూటతో మెట్లెక్కి వచ్చాడు. ఆయన కూర్చుని, మూట దించి, మీసం తుడుచుకునేదాకా ఆగి, మాస్టారు కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాడు.

“మొన్న కాలర్లో వెంట్రుక మా కాజాలావిడదన్నాను. అది అబద్ధం. అది మా గుమాస్తాది.”

“నీకు గుమాస్తా ఎప్పుడొచ్చాడయ్యా?” అన్నాడు స్టోరు కీపరు.

“మా కుక్కండి. దాని పేరది.”

బెంచీమీద నవ్వు లేచింది. కుర్రదర్జీ గోడకి ఆనుకుని మరీ నవ్వాడు. మాస్టారు ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాడు. స్టోరు కీపరు నవ్వలేదు. కుట్టేచోట కుక్కని ఉంచుతావా అని, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. కాళ్ళ దగ్గరే పడుకుంటుందన్నాడు మాస్టారు. స్టోరు కీపరుకి అనుమానం వచ్చింది. కోట్లు దులిపి మరీ చూశానే, పైన ఒక్కటీ లేదే, అన్నాడు.

“పైన లేకుండా చేసింది ఆవిడేనండి.”

ఆ తర్వాత మాస్టారు తన జన్మలో అంతసేపు ఆగకుండా మాట్లాడి ఉండడు. ఏడున్నరకి మెట్టుమీద కూర్చోవడం, సన్నపళ్ళ దువ్వెన, తడిచేసిన రబ్బరు తొడుగు, చీపురు ముట్టకపోవడం, బల్లకాళ్ళు రాయడం, తలకి గుడ్డ చుట్టుకోవడం, ఏదీ వదల్లేదు. తన చెక్కపెట్టె సంగతి కూడా చెప్పాడు, ముక్కల కక్కుర్తితో సహా. ఆవిడ లేని ఒక్కరోజులో ఇల్లెలా అయిందో చెప్పాడు. కుర్రదర్జీ నవ్వు ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. మిలటరీ మాస్టారు ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళమీద ఆనించి వింటున్నాడు.

స్టోరు కీపరు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. నిజం చెప్పావు, సంతోషమే అన్నాడు. ఇప్పటికే కోసినవి కుట్టి, శుభ్రం చేయించి ఇచ్చెయ్యమన్నాడు. కొత్తగుడ్డ ఇవ్వలేనన్నాడు. కుక్క ఉన్న ఇంట్లో కుట్టారని తెలిసి తెలిసి వార్డులకి పంపితే రేపు తన మెడకి చుట్టుకుంటుందన్నాడు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. మాస్టారు తల ఊపాడు.

ఉత్త చేతులతో మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. మిలటరీ మాస్టారు వచ్చి పక్కన కలిశాడు. ఇద్దరూ ఎండలో నడిచారు.

“ఆవిడ ఇల్లెక్కడన్నారు?”

ఎందుకడుగుతున్నాడో మాస్టారుకి చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఆ మాటకి జవాబిస్తే అలాంటి కాజా కట్టే చెయ్యి తన గుమ్మంలో మళ్ళీ కూర్చోదు. తెలియదంటే, ఇంకో రెండురోజులు దొరుకుతాయి. ఈలోపు తనే వెళ్ళి బతిమాలుకోవచ్చు.

“నీళ్ళట్యాంకు వెనక సందు,” అన్నాడు. “మూడో గుమ్మం. అరుగుమీద ముసలావిడ ఉంటుంది, కాస్త మాట పడాలి.”

*

భార్య అంతా విని, వీధిలోకి పోయి పాతబట్టలు సరిచేస్తామని అట్టముక్కమీద రాయించుకొచ్చి తలుపుకి వేలాడదీసింది. పెట్టెలోని బక్రం ముక్కలన్నీ మాస్టారే సంచిలోకి వంచి బయట పడేశాడు. ఖాళీ పెట్టెలో పాత గోనె మడిచి వేశాడు. గుమాస్తా అందులోకి ఎక్కి, మూడుచుట్లు తిరిగి, ఈ మెత్తదనం తనకి అలవాటు లేనట్టు ఆయన ముఖంలోకి చూసింది.

తర్వాతి సోమవారం ఏడున్నరకి మాస్టారు పక్కసందు మెట్టుమీద కూర్చున్నాడు. చేతిలో కొత్త దువ్వెన. గుమాస్తా ఆయన మోకాళ్ళ మధ్య నిలబడనంటోంది. మెడపట్టీ ఒక చేత్తో పట్టుకుని, రెండోచేత్తో దువ్వెన తోకవైపునుంచి తలవైపుకి లాగుతున్నాడు. అడుగునున్న నూగు అలా అయితేనే పైకి వస్తుందని ఆయన అనుకున్నాడు. దువ్వెన చిక్కుకున్నప్పుడల్లా కుక్క మూలిగి వంకరపోతోంది. ఎదురుగా ఇస్త్రీ అతను చూసి చూడనట్టు బొగ్గులు సర్దుకుంటున్నాడు.

సందు మొదట్లో కాజాలావిడ కనిపించింది. చేతిలో సంచి, అందులోంచి మడిచిన తలగుడ్డ కొస. ఆవిడ కొత్తగా పనికి కుదిరిన మిలటరీ మాస్టారి కొట్టు బజారు అవతల; అక్కడికి పెద్దరోడ్డున పోవడమే దగ్గర. ఆవిడని చూడగానే గుమాస్తా పెట్టిన పెనుగులాటకి మెడపట్టీ మాస్టారి చేతిలోంచి జారినంత పనైంది. ఆయన దాన్ని పట్టుకోవడంలో పడి తలెత్తలేదు. తలెత్తడానికి ముఖం కూడా చెల్లలేదు.

ఆవిడ దాటిపోయింది. నాలుగడుగులు వేసి ఆగింది.

“ఎదురు దువ్వకండి మాస్టారూ. చర్మం లాగుతుంది దానికి.”

ఆయన దువ్వెన తిప్పి పట్టుకుని మెడదగ్గర పెట్టాడు. గట్టిగా నొక్కాడు. ఆవిడ అక్కడినుంచే తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి తేలిక చేశాడు. దువ్వెన మెడమీదనుంచి భుజంమీదికి, భుజంమీదనుంచి నడుముమీదికి ఆగకుండా జారింది. పళ్ళనిండా బూడిదరంగు నూగు దట్టంగా వచ్చింది. గుమాస్తా పెనుగులాట మానింది.

“అలాగే,” అంది ఆవిడ. “తొడల వెనక మరిచిపోకండి, ఉండేదంతా అక్కడే.”

ఆయన నూగు తీసి ఉండచుట్టాడు. తొడల వెనక దువ్వడం మొదలుపెట్టాడు. ఆవిడ సంచి ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుని, రెండోవైపు కూడా అయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది. తర్వాత పనికి వేళవుతోందని, బజారువైపు నడిచింది.